యువజన సంఘం చరిత్ర, రికార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పేటకొక యువజన సంఘం ఉంటుంది. చవితికి పందిరి వేస్తుంది, సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున మజ్జిగ పోస్తుంది, తుపాను వస్తే గొడ్డళ్లు, తాళ్లు పట్టుకుని బయలుదేరుతుంది. ఇంత చేసినా, మీ సంఘం ఎప్పుడు పుట్టిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో ఏడాది చెబుతారు. మా సంఘం కాగితాలు చాలా ఏళ్లుగా నా సంరక్షణలో ఉన్నాయి. పక్క పేటల కుర్రాళ్లు వచ్చి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కావడంతో జవాబులు ఒకచోట రాసిపెట్టాను. కొన్నిచోట్ల నా మాట కటువుగా ఉంటుంది. తడిసి ముద్దయిన పుస్తకాలు విప్పిన చేతులు కదా, సహించండి.

మేము చేసేవన్నీ చిన్న పనులు. వాటికి చరిత్ర ఎందుకు?

పెద్ద పనుల చరిత్ర ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం, నవంబరు 1న నగరంలో జరిగిన కాల్పులు, 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో చేసిన ఉక్కు కర్మాగారం ప్రకటన, ఇవన్నీ పుస్తకాలకెక్కాయి. ఆ రోజుల్లో మీ వీధి కుర్రాళ్లు ఎక్కడ ఉన్నారు, ఏ అరుగు మీద కూర్చుని కరపత్రాలు మడిచారు, ఎవరింట్లో అన్నం తిన్నారు అన్నది మాత్రం మీరు రాయకపోతే ఇంకెవరూ రాయరు. 

దీనికి పనికొచ్చే కారణం కూడా ఒకటుంది. సంఘానికి గది ఇచ్చిన పెద్దాయన పోయాక ఆయన పిల్లలు వచ్చి గది ఎవరిదని అడుగుతారు. అప్పుడు అందరికీ తీర్మానాల పుస్తకం గుర్తుకొస్తుంది.

ఏమేం దాచాలి?

నియమావళి, రిజిస్ట్రేషన్ పత్రం, మినిట్స్ పుస్తకాలు (సమావేశాల చర్చలు, తీర్మానాలు రాసేవి), సభ్యత్వ రిజిస్టరు, నగదు పుస్తకం, వోచర్లు, రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, వచ్చిన ఉత్తరాలు, పంపిన ఉత్తరాల నకళ్లు. ఇవి ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనివి వేరే ఉన్నాయి: క్రికెట్ పోటీ స్కోరు పుస్తకం, నాటకం వేసినప్పుడు పాత్రలు పంచుకున్న చీటీ, పందిరి సామాను అద్దె బిల్లు, చందా ఇవ్వనన్నవారి జాబితా. చివరిది నవ్వులాటకు చెప్పలేదు. ఒక ఏడాది ఎవరు ఇవ్వలేదో, మరుసటి ఏడాది వాళ్లలో ఎవరు ఇచ్చారో చూస్తే ఆ మధ్య సంఘం ఏం చేసిందో తెలుస్తుంది.

పాత బిల్లుల్లో ధరలు ఉంటాయి. వందమందికి పులిహోర వండడానికి బియ్యం, చింతపండు, నూనెకు ఎంతయిందో ఉన్న చీటీ ఒకటి చాలు, ఆనాటి పేట కళ్లముందు నిలబడుతుంది.

ఫ్లెక్సీలు దాచాలా?

వద్దు. నిటారుగా నిలబడి ఒక మంచి ఫోటో తీసి, తేదీ రాసి, వదిలేయండి. బొమ్మలో ఎవరి ముఖం ఎంత పెద్దదిగా వేశారన్న వివాదం కూడా ఫోటోలోనే భద్రంగా ఉంటుంది.

మినిట్స్ పుస్తకంలో గొడవలు కూడా రాయాలా?

రాయాలి. ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు’ అన్న వాక్యం మా పాత పుస్తకాల్లో పేజీ పేజీకీ ఉంది. అదే కాలంలో సంఘం రెండుగా చీలింది! ఏకగ్రీవంగా ఎలా చీలాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తిట్లు రాయమని అనడం లేదు. ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చారు, ఎవరు ఎందుకు కాదన్నారు, ఎంతమంది అటు, ఎంతమంది ఇటు, చివరికి ఏం తేలింది అన్నవి చాలు. ఉదాహరణకు, ‘చవితి మిగులు డబ్బుతో క్యారమ్ బోర్డు కొనాలని ఒకరు, రక్తదాన శిబిరానికి వాడాలని ఇద్దరు అన్నారు; చేతులెత్తితే 9–14; శిబిరానికే నిర్ణయం.’ రెండు వరుసల్లో అయిపోయింది. హాజరైనవారి సంతకాలు అదే రోజు తీసుకోండి, తరువాత ఇంటింటికీ తిరిగి పెట్టించవద్దు. మధ్యలో ఖాళీ పేజీ వదలవద్దు. వదిలితే అడ్డంగా గీత కొట్టండి. తప్పు పడితే ఒక గీతతో కొట్టేసి పక్కన చిన్న సంతకం పెట్టండి. తెల్లరంగు పూస్తే కింద ఏముందోనన్న అనుమానం పుస్తకం మొత్తానికి పాకుతుంది.

బాల్‌పెన్నుతోనే రాయండి. ఎందుకో తుపాను ప్రశ్న దగ్గర తెలుస్తుంది.

మా రిజిస్ట్రేషన్ పత్రం పోయింది. ఇక దారి లేదా?

ఉంది. 2001కి ముందు మన ప్రాంతంలో సంఘాలు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేవి. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 వచ్చింది. ఏ చట్టం కింద నమోదైనా ఒక ప్రతి రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉండాలి. రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు అడగవచ్చు. నంబరు, సంవత్సరం తెలిస్తే పని తేలిక. పాత లెటర్‌హెడ్ల మీద, రసీదు పుస్తకాల అట్టల మీద ఆ నంబరు అచ్చేసి ఉంటుంది, ముందు అక్కడ వెతకండి.

పత్రం దొరికిందని సంబరపడి ఆగిపోవద్దు. ఏటా కార్యవర్గ జాబితా దాఖలు చేశారా లేదా చూసుకోండి. చాలా సంఘాలు పుట్టినరోజు నాడు ఒక్కసారి రిజిస్ట్రార్ గడప తొక్కి, మళ్లీ ఆ వైపు చూడవు.

కాగితాలు ఎవరి ఇంట్లో ఉండాలి?

అన్ని ప్రశ్నల్లోకీ చిక్కు ప్రశ్న ఇదే. సహజంగా అవి కార్యదర్శి ఇంట్లో ఉంటాయి. ఆయన పదవి దిగుతాడు, పుస్తకాలు దిగవు. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళతాడు, బీరువా పైన సంచి అక్కడే ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు వాళ్లమ్మగారు పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తారు. ఆవిడ తప్పేమీ లేదు. సంచి మీద ఎవరూ ఏమీ రాయలేదు కదా.

మా దగ్గర రెండు మినిట్స్ పుస్తకాలు అలాగే పోయాయి. ఆ తరువాత పెట్టుకున్న పద్ధతి ఇది: పాత పుస్తకాలు ఒకరి దగ్గర, నడుస్తున్న పుస్తకాలు కార్యదర్శి దగ్గర. పాతవి చూసే మనిషి ఏ పదవికీ పోటీ చేయకూడదు. కార్యవర్గం మారిన రోజున అప్పగింత జాబితా రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఆ జాబితాను మినిట్స్ పుస్తకంలోనే అతికించాలి. ఎవరైనా చదవడానికి పుస్తకం తీసుకుంటే ఒక చీటీ రాసి, పుస్తకం ఉన్న ఖాళీలో పెట్టాలి. మొదట్లో అందరూ నన్ను చూసి నవ్వారు. మాజీ అధ్యక్షుడొకరు పుస్తకం తీసుకోలేదని వాదించినప్పుడు ఆయన చీటీయే ఆయనకు చూపించాక నవ్వు తగ్గింది.

సముద్రపు గాలికి, చెదలకు ఏం చేయాలి?

మన ఊరి గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. ముందుగా పోయేవి ఇనుప వస్తువులు. కాబట్టి ప్రతి కాగితం నుంచీ గుండుసూది, స్టేప్లరు పిన్ను, జెమ్ క్లిప్పు తీసేయండి. వాటి తుప్పు కాగితాన్ని తినేస్తుంది. పిన్నును గోరుతో పీకితే కాగితం చిరుగుతుంది. వెనక్కి తిప్పి, రెండు కాళ్లూ నిటారుగా లేపి, ముందు నుంచి మెల్లగా లాగండి. కట్టడానికి నూలు ట్యాగు చాలు.

పెట్టె నేల మీద పెట్టవద్దు, గోడకు ఆనించవద్దు. చెదలు ఆ రెండు దారుల్లోనే వస్తాయి. బీరువా కింద ఇటుకలు పెట్టి, గోడకు జానెడు దూరం జరపండి. వారానికొకసారి ఎండ పూట తలుపు తెరిచి గాలి ఆడనివ్వండి; వర్షం పడే రోజు మాత్రం తెరవవద్దు. కలరా ఉండలు వేయవచ్చుగానీ ఫోటోలకు, క్యాసెట్లకు తగలకుండా చూడండి. బూజు పట్టిన పుస్తకాన్ని ఆరుబయటకు తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి కుంచెతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బూజు ఇంకా లోపలికి పోతుంది.

లామినేషన్ మాటకొస్తే, దయచేసి చేయించవద్దు. వేడికి కాగితం ప్లాస్టిక్‌కు శాశ్వతంగా అతుక్కుంటుంది, మళ్లీ విడదీయలేరు. మా మొదటి కరపత్రాన్ని ప్రేమతో లామినేట్ చేయించిన పాపం నాదే. లోపల చిక్కిన తేమ మరక ఏటా కాస్త పెరుగుతోంది, నేను చూస్తూ ఉంటాను. సెల్లోటేపు కూడా అంతే. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, పసుపు జిగురు ఉండిపోతుంది.

ఏటీఎం చీటీల్లాంటి నున్నటి బిల్లుల మీద అక్షరాలు వాటంతటవే మాయమవుతాయి. వచ్చిన వారంలోనే జెరాక్సు తీసి రెండూ కలిపి పెట్టండి.

తుపానులో తడిసినవి దక్కుతాయా?

చాలావరకు దక్కుతాయి, తొందరపడకపోతే. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ మన ఊరి మీదికి వచ్చింది. మా గది కిటికీ అద్దాలు పగిలి బీరువాలోకి నీరు వెళ్లింది. మేమంతా వీధుల్లో చెట్లు నరుకుతున్నాం. మూడో రోజుకుగానీ పుస్తకాలు గుర్తుకు రాలేదు. అప్పటికే బూజు మొదలైంది. తడిసిన కాగితానికి రెండు రోజులే గడువు.

తడిసిన పేజీలను వేలితో విడదీయవద్దు. పుస్తకాన్ని నిలబెట్టి, విసనకర్రలా కొద్దిగా తెరిచి, నీడలో గాలికి పెట్టండి. అట్టల దగ్గర, విడివడిన చోట్ల తెల్లకాగితం పెట్టి, తడవగానే మార్చండి. పాత న్యూస్‌పేపరు పెడితే దాని సిరా అంటుతుంది. ఎండలో పెడితే కాగితం వంకర తిరిగి పెళుసవుతుంది. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టే వీలు లేకపోతే కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టమని నిపుణులు చెబుతారు. ఆ సలహా మంచిదే. కానీ హుద్‌హుద్ తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్ కూడా బీరువాలాంటిదే అయింది. మేము చీరలు ఆరేసే తాళ్లు గదిలో కట్టి, విడి కాగితాలను వాటి మీద వేశాం.

బాల్‌పెన్ను రాతలు నిలిచాయి. ఇంకు పెన్నుతో అందంగా రాసిన ఒక కార్యదర్శి హయాం మొత్తం నీలి మబ్బైపోయింది. ఆయన చేతిరాత మా అందరిలోకీ బాగుండేది.

పాత ఫోటోల మీద తేదీలు లేవు. ఎలా తేల్చాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఫోటోలో మనుషులను కాక వెనక ఉన్నదాన్ని చూడండి. రామకృష్ణా బీచ్‌లో దిగిన బృందం వెనక కురుసుర జలాంతర్గామి ఉంటే అది 2002లోనో ఆ తరువాతో తీసిందే, ఎందుకంటే దాన్ని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాల చేసింది ఆ ఏడాదే. గోడ మీద సినిమా పోస్టరు కనిపిస్తే మీ పని సగం అయిపోయినట్టే.

కరపత్రాలకు వేరే ఆనవాళ్లున్నాయి. పిన్‌కోడు విధానం 1972 ఆగస్టు 15న వచ్చింది. చిరునామాలో ‘విశాఖపట్నం–530’తో మొదలయ్యే ఆరంకెలు ఉంటే ఆ తరువాతిదన్నమాట. ‘మునిసిపాలిటీ’ అని ఉందా, ‘నగరపాలక సంస్థ’ అని ఉందా చూడండి: కార్పొరేషన్ 1979లో ఏర్పడింది, ‘మహా విశాఖ’ అయింది 2005లో. యువజన సంఘాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నెహ్రూ యువ కేంద్రాలు 1972లో మొదలయ్యాయి. కాబట్టి 1970లోనే యువ కేంద్రానికి అనుబంధంగా ఉన్నామని ఎవరైనా అంటే గౌరవంగా తల ఊపి, ఆ సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఆహ్వాన పత్రికల మీద తెలుగు సంవత్సరం ఉంటుంది. జయ నామ సంవత్సరమంటే 2014–15, లేదా అరవై ఏళ్ల వెనకటి 1954–55. ఈ రెంటిలో ఏదో తెలియని సంఘం ఉండదు లెండి. ఫసలీలు (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరాలు), పాత ఇంగ్లీషు స్పెల్లింగులు, ‘వాల్తేరు’ అన్న పేరు కనిపిస్తే సరిదిద్దవద్దు, ఉన్నదున్నట్టు రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక ఒకరు మా పాత జాబితాల్లో అనకాపల్లి పక్కన ‘విశాఖ జిల్లా’ కొట్టేసి కొత్త జిల్లా పేరు రాశారు. ఆ కాగితం రాసిన రోజున అనకాపల్లి విశాఖ జిల్లాయే.

తెలిసిన వివరాలు ఫోటో వెనక అంచున మెత్తటి పెన్సిలుతో రాయండి. పెన్నుతో రాస్తే ముందువైపుకు ఊరుతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లలో ఉన్నవాటిని జాగ్రత్తగా బయటకు తీయండి. ఊడిరాకపోతే పీకవద్దు, పేజీతో సహా ఫోటో తీయండి.

స్కానింగ్ ముందు వేటికి చేయాలి?

అందరూ బాగా పాతవైన నలుపు తెలుపు ఫోటోలతో మొదలుపెడతారు. అవి ఇంకా చాలాకాలం ఉంటాయి. ముందు పోయేవి 1980, 90ల నాటి రంగు ఫోటోలు, ఇప్పటికే ఎర్రబడ్డాయి. వాటికంటే ముందు వీడియో క్యాసెట్లు. మన తేమకు టేపు మీద బూజు పడుతుంది, ఆడించే యంత్రాలు కూడా అరుదైపోయాయి. కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), ఫోటోలకు 600 సరిపోతుంది.

ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి, సంవత్సరం ముందు: 2014-10-12, తరువాత విషయం. అప్పుడు వాటంతటవే వరుసలో నిలబడతాయి. మూడు ప్రతులు పెట్టండి, ఒకటి ఊరి బయట ఉండాలి. తుపాను మీ ఇంటినీ పక్కింటినీ వేరుగా చూడదు; మా మూడో ప్రతి బెంగళూరులో ఉన్న పాత సభ్యుడి దగ్గర ఉంది.

వాట్సాప్ గ్రూపులో అన్నీ ఉన్నాయి కదా?

లేవు. ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి. ఈ రోజుల్లో నిర్ణయాలన్నీ గ్రూపులోనే జరుగుతాయి. కాబట్టి నెలకొకసారి ముఖ్యమైన సంభాషణను ఎగుమతి చేసి దాచండి, తీసుకున్న నిర్ణయాన్ని తదుపరి సమావేశంలో చదివి మినిట్స్‌లో ఎక్కించండి. శుభోదయం బొమ్మలు దాచనక్కరలేదు.

పాత డీటీపీ ఫైళ్లు తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

అవి అను ఫాంట్లలో కూర్చినవై ఉంటాయి. అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతి కాదు గనక ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు. ఫైలు పాడైపోయిందనుకుని చెరిపేయకండి. యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. మార్చాక వత్తులు, అంకెలు తప్పకుండా సరిచూడండి. ఇకమీదట డీటీపీ చేయించినప్పుడు పీడీఎఫ్ కూడా అడిగి తీసుకోండి.

పత్రికల కత్తిరింపులు?

పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ రాయనిదే కత్తెర పట్టవద్దు. ‘ఈనాడు’ 1974 ఆగస్టు 10న మన ఊళ్లోనే పుట్టింది, కాబట్టి ఇక్కడి సంఘాల దగ్గర కత్తిరింపులకు కొదవ ఉండదు, తేదీలకే కొదవ. న్యూస్‌ప్రింట్ తొందరగా పసుపెక్కి పొడిరాలుతుంది. మంచి కాగితం మీద జెరాక్సు తీసి ఉంచుకోండి.

పెద్దవాళ్లను అడిగితే ‘ఏముంది, అన్నీ మామూలే’ అంటున్నారు.

‘సంఘం గురించి చెప్పండి’ అని అడిగితే ఎవరైనా అంతే అంటారు. ఉక్కు ఉద్యమంలో పద్దెనిమిదేళ్లున్న కుర్రాడికి ఇప్పుడు ఎనభై దరిదాపుల్లో ఉంటాయి. ఆయన్ని ఉపన్యాసం అడగకూడదు. ఒక వస్తువు చేతిలో పెట్టండి, ఫోటోనో రసీదో. ‘మాస్టారూ, ఈ చివర నిలబడిందెవరు?’ అనండి. చివరివాడి నుంచి కథ మొదలై మధ్యవాడి దాకా దానంతటదే వస్తుంది. పేటలో అప్పుడు కుళాయి ఎక్కడుండేది, సమావేశానికి దీపం ఎవరిది, టీ ఎవరు పోసేవారు అని అడగండి.

రికార్డు చేసేముందు అనుమతి అడగండి, దాన్నీ రికార్డు చేయండి. ఫ్యాను కట్టేయండి, ఆ చప్పుడు మాట మీద కూర్చుంటుంది. గంటకు మించి కూర్చోబెట్టవద్దు. ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొంతన లేకపోతే ఇద్దరివీ రాయండి. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి తేల్చుకోమనే ప్రయోగం నేను ఒకసారి చేశాను. రెండోసారి చేయలేదు.

అడగాల్సినవాళ్లు మగవాళ్లే కారు. మా గిరి ప్రదక్షిణ ఫోటోలన్నిటిలో అప్పుఘర్ దగ్గర బల్ల వెనక నవ్వుతూ నిలబడింది మేమే. తెల్లవారుజాము నుంచి పులిహోర కలిపిన అమ్మలు, వదినలు ఒక్క ఫోటోలో లేరు, ఒక్క తీర్మానంలో లేరు. ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచేవాళ్లకు మేము పెట్టిందేమిటో, వండిందెవరో అడగడానికి ఆలస్యంగా వెళ్లాను. ఒకావిడ తన పాత పద్దుల పుస్తకం తెచ్చి చూపించింది. ప్రతి ఏడాదీ ఎన్ని కేజీలు, ఎంత మిగిలింది, ఎవరి గిన్నె తిరిగి రాలేదు, అన్నీ ఉన్నాయి. మా నగదు పుస్తకంలో లేని మూడు సంవత్సరాలు అందులో దొరికాయి.

రక్తదాతల జాబితా అందరికీ చూపవచ్చా?

చూపకూడదు. పేరు, ఫోను, రక్తం గ్రూపు ఆ మనిషి సంఘాన్ని నమ్మి ఇచ్చినవి. జాబితా వల్ల ఉపయోగం మాత్రం ఉంది: మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు గడవనిదే మళ్లీ ఇవ్వకూడదు గనక చివరిసారి ఇచ్చిన తేదీ రాసి ఉంచాలి. అది ఇద్దరి దగ్గరే ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లల పోటీల దరఖాస్తులతో జాగ్రత్త.

సంఘం ఆగిపోతే ఇవన్నీ ఏం చేయాలి?

కుర్రాళ్లు ఉద్యోగాలకు పోతారు, సంఘాలు ఆగుతాయి, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. చివరి సమావేశం పెట్టి, రికార్డులు ఎవరికి ఇస్తున్నామో తీర్మానం రాయండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయాన్నో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రంథాలయాన్నో అడగవచ్చు. ముందే జాబితా తయారుచేసి తీసుకెళ్లండి. జాబితా లేని గోనెసంచిని ఎవరూ లోపలికి రానివ్వరు. 

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

వర్షం లేని ఆదివారం చూసుకుని నలుగురు కూర్చోండి. చాప, పెన్సిళ్లు, మెత్తటి కుంచె, నూలు ట్యాగులు, తెల్లకాగితాల కట్ట, ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. మొదటి రోజు ఏదీ సర్దవద్దు, ఏదీ పారేయవద్దు. సంచిలో ఉన్న వరుసలోనే ఒక్కొక్కటీ తీసి, అంకె వేసి, ఏమిటో నోటుపుస్తకంలో ఒక వరుస రాయండి. టీ మాత్రం పక్క గదిలో తాగండి.